ఆటల పెట్టెలో సినిమా: ప్లేస్టేషన్ చదివిన డిస్కులు, మన బీరువాల్లో మిగిలిన డిస్కులు



మగ్గాల గురించి, వలస వచ్చిన ఊళ్ళ గురించి ఇక్కడ చాలా రాసుకున్నాం. ఈసారి విషయం కొంచెం వింతగా ఉంటుంది. పిల్లలు ఆడుకునే గేమ్ పెట్టె హోం థియేటర్‌లో సినిమాలు చూపించే యంత్రంగా ఎలా మారింది, ఆ పాతికేళ్ళ కథలో మనలాంటి ఇళ్ళు ఎక్కడున్నాయి అన్నది ఈ పోస్టు. "దీనికీ సంఘానికీ ఏం సంబంధం?" అని కొందరికి అనిపించవచ్చు. సంబంధం ఉంది. చివర్లో అందరం కలిసి చేయాల్సిన పని కూడా ఒకటి ఉంది. పోస్టు పెద్దదే, తీరిక చూసుకుని చదవండి.

ముందు మన సంగతి. మనం షోలాపూర్ తెలుగువాళ్ళం. తాతముత్తాతలు తెలంగాణ నుంచి నేతపని వెంట వచ్చి ఇక్కడే నిలబడ్డారు. బడి మరాఠీ, బజారు మరాఠీ హిందీ, ఇల్లు తెలుగు. మన పిల్లల్లో చాలామందికి తెలుగు చెవికి తెలుసు, కంటికి తెలియదు. అమ్మమ్మ మాట అర్థమవుతుంది, తెలుగు బోర్డు చదవమంటే రాదు. భివండీలో, బళ్ళారిలో, హోసూరులో, బరంపురంలో ఉన్న మనవాళ్ళను అడిగినా కొంచెం అటూ ఇటుగా ఇదే చెప్తారు. అలాంటి ఇళ్ళకు తెలుగు సినిమా కాలక్షేపం ఒక్కటే కాదు. ఇంటి గోడల బయట కూడా తెలుగు ఉందని పిల్లలకు వినిపించింది సినిమానే.

1980లలో అది వీడియో క్యాసెట్ రూపంలో వచ్చింది. పండగకో పెళ్ళికో నాలుగిళ్ళ వాళ్ళం డబ్బులు వేసుకుని డెక్కు, కలర్ టీవీ, మూడు క్యాసెట్లు ఒక రాత్రికి అద్దెకు తెచ్చేవాళ్ళం. వాకిట్లో చాపలు పరుచుకుని తెల్లారేదాకా చూడటమే. తర్వాత కేబుల్ వచ్చింది, తెలుగు ఛానెళ్ళు వచ్చాయి. ఆ వెనకే వీసీడీ వచ్చింది.

వీసీడీ ప్రమాణం 1993లో ఖరారైంది. మామూలు పాటల సీడీ మీదే బొమ్మను కూడా కుదించి పెట్టే పద్ధతి అది. ఒక డిస్కులో దాదాపు 74 నిమిషాలు పడుతుంది. అందుకే రెండున్నర గంటల తెలుగు సినిమా అంటే రెండు డిస్కులు, ఒక్కోసారి మూడు. ఇంటర్వెల్ ఎక్కడ పడాలో దర్శకుడు కాదు, డిస్కే తేల్చేది. బొమ్మ అడ్డంగా 352 చుక్కలు, నిలువుగా 288 చుక్కలు, అంటే దాదాపు వీడియో క్యాసెట్ నాణ్యతే. కానీ డిస్కు చవక, ప్లేయర్ చవక, క్యాసెట్‌లాగా టేపు నలగడం లేదు. చైనా, హాంకాంగ్, ఇండోనేషియా, మన దేశం దాన్ని పట్టుకున్నాయి. అమెరికాలో అది జనంలోకి వెళ్ళనే లేదు. ఈ తేడాను గుర్తు పెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఇప్పుడు జపాన్ సంగతికి వద్దాం.

ఆటల పెట్టెలోకి డిస్కు రావడానికి కారణం సినిమా కాదు, ఖర్చు. అప్పటిదాకా గేమ్‌లు చిప్పులున్న క్యాట్రిడ్జ్‌లలో వచ్చేవి. వాటి తయారీ ఖరీదు, పట్టేది కొన్ని మెగాబైట్లు. సీడీ అచ్చు వేయడం చవక, పట్టేది సుమారు 650 మెగాబైట్లు. నింటెండోతో కలిసి సీడీతో నడిచే యంత్రం చేయాలని సోనీ మొదలుపెట్టింది. 1991లో చికాగో ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో సోనీ ఆ సంగతి ప్రకటించిన మర్నాడే, నింటెండో తాను ఫిలిప్స్‌తో కలిసి పని చేస్తానని ప్రకటించింది. ఆ దెబ్బ తిన్న తర్వాత సోనీ ఇంజనీరు కెన్ కుతరాగి పట్టుబట్టి సొంతంగా యంత్రం తయారు చేయించారు. అదే ప్లేస్టేషన్. 1994 డిసెంబర్ 3న జపాన్‌లో అమ్మకానికి వచ్చింది.

అందులో పాటల సీడీ కూడా మోగేది. తొలి మోడళ్ళకు వెనక ఎరుపు, తెలుపు ఆడియో సాకెట్లు ఉండేవి. చాలా ఏళ్ళ తర్వాత, ఖరీదైన స్పీకర్లు పెట్టుకుని పాటలు వినే కొందరు ఆ పాత పెట్టెలను వెతికి కొని సీడీ ప్లేయర్‌గా వాడారు. గేమ్ యంత్రాన్ని ఆటకు కాకుండా ఇంకో పనికి వాడుకోవడం అప్పటికే మొదలైందన్నమాట.

మనకు సంబంధించిన ఒక చిన్న సంగతి ఇక్కడ ఉంది. ఆసియాలో వీసీడీ గిరాకీ చూసి సోనీ 1997లో ఒక ప్రత్యేక మోడల్ తెచ్చింది. నంబర్ ఎస్‌సీపీహెచ్-5903. మామూలు ప్లేస్టేషన్ బూడిద రంగు, ఇది తెల్లది. ఇది వీసీడీలను కూడా ఆడించేది. ఆసియా మార్కెట్లలో మాత్రమే అమ్మారు, అమెరికాకు పంపలేదు. అంతకుముందే సెగా కంపెనీ శాటర్న్ యంత్రానికి విడిగా ఒక కార్డు తగిలిస్తే వీసీడీ ఆడేది. అంటే వీసీడీని చదివించడం ఈ కంపెనీలకు చేతగాని పని కాదు. ఎవరి ఇంట్లో ఏ డిస్కు ఉందో చూసి, ఏ మార్కెట్‌కు ఏది ఇవ్వాలో లెక్క వేసుకున్నారు.

సినిమా డిస్కుల కథలో అసలు మలుపు ప్లేస్టేషన్ 2. డీవీడీ 1996 నవంబర్‌లో జపాన్‌లో, 1997లో అమెరికాలో మొదలైంది. ఒక పొరలో 4.7 గిగాబైట్లు, రెండు పొరల్లో 8.5 గిగాబైట్లు. సినిమా మొత్తం ఒకే డిస్కులో, మంచి బొమ్మతో, ఐదు స్పీకర్లూ ఒక వూఫర్ ఉండే 5.1 శబ్దంతో పట్టింది. ప్లేయర్ల ధర మాత్రం సామాన్యుడికి అందేది కాదు. 2000 మార్చి 4న సోనీ ప్లేస్టేషన్ 2ను 39,800 యెన్‌లకు విడుదల చేసింది. అప్పటి జపాన్‌లో చాలా డీవీడీ ప్లేయర్లు దానికంటే ఖరీదు. సినిమా ప్లేయర్ కొనే డబ్బుతో గేమ్ యంత్రం కూడా వస్తుంటే ఎవరు వదులుకుంటారు? అదే ఏడాది అక్టోబర్ 26న అమెరికాలో 299 డాలర్లకు వచ్చింది.

జపాన్‌లో తొలి పెట్టెలకు డీవీడీ నడిపే సాఫ్ట్‌వేర్ యంత్రంలో లేదు, వెంట ఇచ్చే మెమరీ కార్డులో ఉండేది. తర్వాతి మోడళ్ళలో లోపలే పెట్టారు. రిమోట్ విడిగా కొనాలి. రిమోట్ లేకపోతే గేమ్ ఆడే కంట్రోలర్‌తోనే సినిమా ఆపడం, ముందుకు జరపడం చేయవచ్చు. వెనక ఆప్టికల్ సాకెట్ ఉండేది, అక్కడి నుంచి ఒక తీగ యాంప్లిఫయర్‌కు కలిపితే డాల్బీ, డీటీఎస్ శబ్దం వచ్చేది. హోం థియేటర్ అన్న మాట అప్పుడప్పుడే ఇళ్ళలో వినపడుతున్న రోజులవి. ఎన్నో కుటుంబాలకు మొదటి డీవీడీ ప్లేయర్ ఇదే అయింది. పిల్లలు గేమ్ కోసం అడిగారు, పెద్దలు సినిమా కోసం ఒప్పుకున్నారు. మొత్తం అమ్మకాలు 15 కోట్లు దాటాయి.

పోటీదారులు ఏం చేశారో కూడా చూడాలి. సెగా డ్రీమ్‌కాస్ట్‌లో డీవీడీ లేదు. 2001 జనవరిలో సెగా యంత్రాల తయారీ నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. డీవీడీ లేకపోవడం ఒక్కటే కారణం కాదు గానీ, అదీ ఒక లోటే. మైక్రోసాఫ్ట్ 2001లో తెచ్చిన ఎక్స్‌బాక్స్‌లో డీవీడీ డ్రైవ్ ఉంది, కానీ సినిమా చూడాలంటే విడిగా అమ్మే రిమోట్ కిట్ కొనాల్సిందే. డీవీడీ లైసెన్సు రుసుమును అలా సినిమా చూసేవాళ్ళ దగ్గరే వసూలు చేసుకున్నారు. నింటెండో గేమ్‌క్యూబ్‌కు 8 సెంటీమీటర్ల చిన్న డిస్కులు పెట్టి సినిమా జోలికే పోలేదు. పానాసోనిక్ మాత్రం జపాన్‌లో క్యూ అనే పేరుతో డీవీడీ ఆడించే గేమ్‌క్యూబ్ ఒకటి అమ్మింది.

మన ఇళ్ళలోకి ప్లేస్టేషన్ 2 రెండు దారుల్లో వచ్చింది. ఇక్కడి దుకాణంలో కొన్నది ఒకటి, దుబాయ్ నుంచో అమెరికా నుంచో బంధువులు తెచ్చింది ఇంకొకటి. రెండో రకంతో అసలు తంటా. సినిమా కంపెనీలు డీవీడీ కోసం ప్రపంచాన్ని ప్రాంతాలుగా పంచాయి. అమెరికా 1, జపాన్, యూరప్, గల్ఫ్ దేశాలు 2, మన దేశం 5. ఒక ప్రాంతం పెట్టె ఇంకో ప్రాంతం తాళం ఉన్న డిస్కును ఆడించదు. అమెరికా పెట్టెకు 120 వోల్టుల కరెంటు కావాలి కాబట్టి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా కొనాలి. తెలియక నేరుగా ప్లగ్గులో పెడితే పొగే. విదేశాల్లో ఉన్న మనవాళ్ళ కోసం వచ్చిన చాలా తెలుగు డీవీడీలకు ప్రాంతం తాళం వేయలేదు కాబట్టి అవి ఎక్కడైనా ఆడాయి, అది మన అదృష్టం.

ఇంకో తంటా దానికంటే పెద్దది. ప్లేస్టేషన్ 2 వీసీడీని చదవదు. పాటల సీడీ చదువుతుంది, పాత ప్లేస్టేషన్ గేమ్ చదువుతుంది, డీవీడీ చదువుతుంది, మన ఇంట్లో గుట్టలుగా ఉన్న వీసీడీ మాత్రం పెడితే ఏమీ రాదు. అదే సైజు, అదే మెరుపు, లోపల లెన్స్ దాన్ని తాకగలదు కూడా. కానీ ఆ బొమ్మను విప్పి చూపే సాఫ్ట్‌వేర్ ఇవ్వలేదు. జపాన్, అమెరికా, యూరప్‌లను చూసుకుని చేసిన యంత్రం అది. అక్కడి జనానికి వీసీడీతో పని లేదు. అందుకే మన ఇళ్ళలో ఒక విచిత్రం కనిపించేది. టీవీ కింద వేల రూపాయల ప్లేస్టేషన్, దాని పక్కనే నాసిరకం చవక వీసీడీ ప్లేయర్. తాతయ్య పౌరాణికం చూడాలంటే రెండోదే దిక్కు. 2009లో హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్ హనుమంతుడి మీద ప్లేస్టేషన్ 2 గేమ్ ఒకటి తయారు చేసింది. హైదరాబాద్‌లో చేసిన గేమ్ ఆ పెట్టెలో ఆడింది, హైదరాబాద్ సినిమా వీసీడీ మాత్రం ఆడలేదు.

ఇక ప్లేస్టేషన్ 3. కన్సోల్ హోం థియేటర్‌కు నడుమైపోయింది దీంతోనే.

2006 నాటికి డీవీడీ తర్వాత ఏమిటన్న పోరు నడుస్తోంది. ఒకవైపు తోషిబా ముందుండి నడిపిన హెచ్‌డీ డీవీడీ, పొరకు 15 గిగాబైట్లు. ఇంకోవైపు సోనీ, పానాసోనిక్, ఫిలిప్స్ తదితరుల బ్లూ-రే, పొరకు 25 గిగాబైట్లు. రెండూ 405 నానోమీటర్ల నీలి-ఊదా లేజర్‌తోనే పని చేస్తాయి. డీవీడీ లేజర్ 650, సీడీ లేజర్ 780 నానోమీటర్లు. లేజర్ అల ఎంత పొట్టిదైతే గీతలు అంత దగ్గరగా గీయవచ్చు, డిస్కులో అంత ఎక్కువ పడుతుంది. సన్న నూలుతో అంగుళానికి పోగులు పెంచినట్టే అనుకోండి.

శామ్‌సంగ్ తొలి బ్లూ-రే ప్లేయర్ 2006 జూన్‌లో అమెరికాలో సుమారు 1,000 డాలర్లకు వచ్చింది. తోషిబా హెచ్‌డీ డీవీడీ ప్లేయర్ 499 డాలర్లు. నవంబర్ 17న ప్లేస్టేషన్ 3 అక్కడ 499, 599 డాలర్ల రెండు మోడళ్ళలో వచ్చింది, రెండింటిలోనూ బ్లూ-రే ఉంది. గేమ్ పెట్టెగా చూస్తే అది చాలా ఎక్కువ ధర, జనం ఎగతాళి చేశారు. బ్లూ-రే ప్లేయర్‌గా చూస్తే సగం ధర! యంత్రాన్ని విడదీసి భాగాల ఖరీదు లెక్కగట్టే ఐసప్లై అనే సంస్థ, 599 డాలర్ల మోడల్ తయారీకే దాదాపు 840 డాలర్లు అవుతోందని అంచనా వేసింది.

నష్టానికి ఎందుకు అమ్మారు? మన నేత భాషలో చెప్పుకుందాం. మగ్గం నష్టానికి ఇచ్చి, నూలు మాత్రం తన దగ్గరే కొనాలనే షావుకారు లెక్క ఇది. గేమ్ అమ్మిన ప్రతిసారీ సోనీకి వాటా వస్తుంది. మరి మగ్గం తీసుకుని నూలు కొననివాడి సంగతేంటి? సినిమాలకే ప్లేస్టేషన్ 3 కొన్నవాళ్ళు ఆ లెక్కలో సోనీకి నష్టమే. కానీ సోనీకి ఇంకో లెక్క ఉంది. 1989లో కొలంబియా పిక్చర్స్‌ను కొన్నప్పటి నుంచి సినిమాలూ దానివే. బీటామ్యాక్స్ క్యాసెట్ పోరులో వీహెచ్‌ఎస్ చేతిలో ఓడిన చేదు కూడా దానికి గుర్తుంది. ఈసారి పోరులో గెలవాలంటే ప్లేయర్లు లక్షల ఇళ్ళలో ముందే ఉండాలి. వాటిని గేమ్ ఆడే పిల్లల చేత ఇళ్ళలోకి పంపింది.

మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ 360కి హెచ్‌డీ డీవీడీ డ్రైవ్‌ను విడిగా 199 డాలర్లకు అమ్మింది. తేడా అక్కడే వచ్చింది. విడిగా అమ్మేదాన్ని కావాలనుకున్నవాడే కొంటాడు. పెట్టె లోపలే ఉన్నది అడగనివాడి ఇంటికీ వెళ్తుంది. 2007 చివరికి ప్రపంచంలో ఉన్న బ్లూ-రే ప్లేయర్లలో అధిక భాగం ప్లేస్టేషన్ 3లే. 2008 జనవరి 4న వార్నర్ స్టూడియో ఇకపై బ్లూ-రే మాత్రమే విడుదల చేస్తామని ప్రకటించింది. ఫిబ్రవరి 19న తోషిబా హెచ్‌డీ డీవీడీని ఆపేసింది.

హోం థియేటర్ వాళ్ళు ప్లేస్టేషన్ 3ని మెచ్చుకోవడానికి ధర ఒక్కటే కారణం కాదు. ఆ రోజుల్లో వేరే బ్లూ-రే ప్లేయర్లలో డిస్కు పెట్టాక బొమ్మ రావడానికి చాలాసేపు ఎదురుచూడాలి, ఇది చురుగ్గా తెరిచేది. పైగా ఇంటర్నెట్ ద్వారా కొత్త సాఫ్ట్‌వేర్ దించుకుంటూ పోయింది. 2007 మేలో పాత డీవీడీ బొమ్మను పెద్ద తెరకు సరిపడా పెంచి చూపడం వచ్చింది. 2008లో బ్లూ-రే కొత్త ప్రమాణం, డీటీఎస్ మెరుగైన శబ్దం వచ్చాయి. 2010లో 3డీ సినిమాలు వచ్చాయి. 2006లో వేరే కంపెనీల ప్లేయర్లు కొన్నవాళ్ళకు ఆ కొత్త ప్రమాణం, 3డీ దక్కలేదు. కొన్న యంత్రం ఇంట్లోనే ఎదుగుతూ పోవడం అప్పట్లో కొత్త.

లోపాలూ ఉన్నాయి. మామూలు రిమోట్‌లు పని చేసే ఇన్‌ఫ్రారెడ్ కన్ను దానికి లేదు, బ్లూటూత్ రిమోట్ విడిగా కొనాలి. తొలి మోడళ్ళు డాల్బీ, డీటీఎస్ కొత్త శబ్దాలను తామే విప్పి యాంప్లిఫయర్‌కు ఇచ్చేవి, విప్పకుండా పంపే సౌకర్యం 2009 స్లిమ్ మోడల్‌తోనే వచ్చింది. కరెంటు కూడా బాగా తాగేవి. ఫ్యాన్ చప్పుడుకు నెమ్మదైన సీన్లలో చిరాకు వచ్చేది. ఇంకో వింత ఏమిటంటే దాదాపు ఏ దేశం గేమ్ పెట్టినా ఆడేది, సినిమాకు మాత్రం ప్రాంతం తాళం అలాగే ఉంది. బ్లూ-రేలో అమెరికా, జపాన్ ఏ, యూరప్ బీ, మన దేశం సీ. వీసీడీకి చోటు ఇందులోనూ లేదు.

మన దేశంలో ప్లేస్టేషన్ 3 2007 ఏప్రిల్‌లో 39,990 రూపాయలకు వచ్చింది. సుమారు అదే కాలంలో మోజర్ బేర్ కంపెనీ సినిమా వీసీడీలను 28 రూపాయలకు, డీవీడీలను 34 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టింది. తెలుగు సినిమాలూ ఆ ధరకే దొరికాయి. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. ఒక ప్లేస్టేషన్ 3 ధరకు 1,400 పైచిలుకు వీసీడీలు వస్తాయి. ప్రపంచమంతా బ్లూ-రే గెలుపు గురించి రాస్తున్నప్పుడు, పవర్‌లూమ్ మీద కూలికి పోయే ఇంట్లో తెలుగు వినిపిస్తున్నది 28 రూపాయల డిస్కు. చరిత్ర పుస్తకాల్లో గెలిచిన డిస్కు పేరే ఉంటుంది. మన భాషను మోసింది ఇంకో డిస్కు.

ఆ తర్వాతి కథ త్వరగా చెప్పుకోవచ్చు. 2013లో వచ్చిన ప్లేస్టేషన్ 4 బ్లూ-రే, డీవీడీ ఆడించింది గానీ పాటల సీడీని కూడా వదిలేసింది. 2016లో 4కే బ్లూ-రే డ్రైవ్‌ను ఎక్స్‌బాక్స్ వన్ ఎస్ ఇచ్చింది, అదే ఏడాది వచ్చిన ప్లేస్టేషన్ 4 ప్రో ఇవ్వలేదు. డిస్కు పోరు గెలిచిన సోనీయే వెనకబడటం అప్పుడు చాలామందికి ఆశ్చర్యం. 2020లో ప్లేస్టేషన్ 5కు 4కే డ్రైవ్ వచ్చింది, కానీ డ్రైవ్ లేని చవక మోడల్ కూడా పక్కనే పెట్టారు. 2023 మోడల్‌లో డ్రైవ్ ఊడదీసే భాగమైంది. 2024 నవంబర్‌లో వచ్చిన ప్లేస్టేషన్ 5 ప్రోలో డ్రైవే లేదు, కావాలంటే విడిగా కొనుక్కోవాలి. బయట కూడా అదే దారి. ఒప్పో 2018లో ప్లేయర్లు ఆపింది, శామ్‌సంగ్ 2019లో కొత్త బ్లూ-రే ప్లేయర్లు తేవడం మానుకుంది. మన 28 రూపాయల మోజర్ బేర్ 2018లో దివాలా తీసి మూతపడే దారి పట్టింది.

ఒకసారి వెనక్కి తిరిగి చూస్తే క్రమం అర్థమవుతుంది. డిస్కు పెట్టె లోపల ఉన్నంతకాలం అడగనివాడి ఇంట్లోకీ వెళ్ళింది. ఇప్పుడు అది విడిగా కొనే వస్తువైంది, కావాలన్నవాడే వెతుక్కోవాలి. ఎక్స్‌బాక్స్ 360 పక్కన విడిగా అమ్మిన హెచ్‌డీ డీవీడీ డ్రైవ్‌కు ఏ గతి పట్టిందో పైన చదివారు.

ఇక మనం చేయాల్సిన పని.

సినిమాలు పోతాయని దిగులు అక్కర్లేదు. చాలా తెలుగు సినిమాలు ఇప్పుడు ఫోన్‌లోనే దొరుకుతున్నాయి. మన బీరువాల్లో ఉన్నవి సినిమా డిస్కులు మాత్రమే కావు. 2000ల మొదట్లో పెళ్ళి వీడియో తీసినవాళ్ళు క్యాసెట్ బదులు వీసీడీలో ఇచ్చారు, తర్వాత డీవీడీలో ఇచ్చారు. శ్రావణ పౌర్ణమి మార్కండేయ రథోత్సవాలు, బడి వార్షికోత్సవంలో పిల్లల తెలుగు నాటికలు, చేతిమగ్గం మీద పని చేసిన ఆఖరి తరం పెద్దల మాటలు, ఇప్పుడు మన మధ్య లేని నాయనమ్మల బతుకమ్మ పాటలు అందులోనే ఉన్నాయి. అవి ఏ ఓటీటీలోనూ రావు. ప్రపంచంలో వాటికి ఉన్న కాపీ మీ బీరువాలో ఉన్న ఆ ఒక్క డిస్కే. వీసీడీ అయితే దాన్ని ఏ కొత్త గేమ్ పెట్టే చదవదు, కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డ్రైవే లేదు.

మన దగ్గర రాసిన డిస్కులు కంపెనీలో అచ్చు వేసిన వాటిలాంటివి కావు. వాటిలో రంగు పొర మీద లేజర్‌తో రాస్తారు. ఎండకు, వేడికి ఆ రంగు వెలిసిపోతుంది. షోలాపూర్ ఎండాకాలం సంగతి మనకు ఒకరు చెప్పాలా? రేకుల కప్పు కింద బీరువా పైన పెట్టిన డిస్కు ఎన్నాళ్ళు ఉంటుందో నమ్మకం లేదు.

పద్ధతి కష్టమేమీ కాదు. యూఎస్‌బీతో తగిలించే డీవీడీ డ్రైవ్ ఒకటి చాలు, ఏ ల్యాప్‌టాప్‌కైనా పని చేస్తుంది. వీసీడీ పెడితే ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డర్ కనిపిస్తుంది. అందులో ఏవీఎస్‌ఈక్యూ అని మొదలయ్యే పెద్ద ఫైలే అసలు వీడియో. దాన్ని కాపీ చేసుకుంటే వీఎల్‌సీ ప్లేయర్‌లో నేరుగా ఆడుతుంది. ఇంటి డీవీడీ అయితే వీడియో టీఎస్ అనే ఫోల్డర్ మొత్తం కాపీ చేయాలి. కాపీ మధ్యలో ఆగితే డిస్కును మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడవండి, గుండ్రంగా తిప్పుతూ తుడవకండి. అప్పటికీ కాకపోతే ఇంకో డ్రైవ్‌లో పెట్టి చూడండి. ఒక డ్రైవ్ చదవనిది ఇంకోటి చదవడం మామూలే. హ్యాండీక్యామ్‌లో వాడిన చిన్న 8 సెంటీమీటర్ల డిస్కులను ప్లేస్టేషన్ 3 లాంటి, డిస్కును లోపలికి లాక్కునే పెట్టెల్లో పెట్టకండి, ఇరుక్కుంటుంది. మూత తెరిచి లేదా ట్రే మీద పెట్టే డ్రైవ్‌లోనే పెట్టాలి. డిస్కు మీద కాగితం లేబుల్ ఉంటే పీకకండి, కింది పొర కూడా ఊడి వస్తుంది.

కాపీ అయ్యాక ఫైలు పేరులో ఏడాది, ఊరు, సందర్భం రాయండి. కనిపించే పెద్దల పేర్లు ఇంట్లో ఎవరికి గుర్తుంటే వాళ్ళను అడిగి వేరే కాగితం మీద రాసి పెట్టండి. బొమ్మ ఎంత బాగున్నా అందులో ఎవరున్నారో తెలియకపోతే రెండు తరాల తర్వాత అది పరాయివాళ్ళ పెళ్ళే. ఒక కాపీ ఇంట్లో, ఇంకో కాపీ వేరే ఊళ్ళో ఉన్న బంధువు దగ్గర ఉంచండి.

సంఘం ఆఫీసులో ల్యాప్‌టాప్, డ్రైవ్ పెడుతున్నాం. ఆదివారం ఉదయం పూట మన కుర్రాళ్ళు కూర్చుంటారు. డిస్కులు తెచ్చుకోండి, ఖాళీ పెన్‌డ్రైవ్ తెచ్చుకోండి, కాపీ చేయించుకుని డిస్కులు మీరే వెనక్కి తీసుకువెళ్ళండి. సొంత వీడియోలు మాత్రమే, దుకాణంలో కొన్న సినిమాలు వద్దు. రథోత్సవం, నాటికలు, సంఘం సభలు ఉన్న డిస్కులైతే, మీరు ఒప్పుకుంటే ఒక కాపీ సంఘం దగ్గర కూడా ఉంచుతాం. భివండీ, హోసూరు, బరంపురం, యానాం సంఘాల వాళ్ళు కూడా ఈ పోస్టు చూస్తున్నారని తెలుసు. అక్కడా ఇలాంటిదే మొదలుపెట్టండి, సందేహాలుంటే కింద అడగండి.

ఇంట్లో పాత ప్లేస్టేషన్ 2 గానీ 3 గానీ మూలపడి ఉంటే పాత సామాను వాడికి తూకానికి ఇచ్చేయకండి. డీవీడీలు చదవడానికి అది ఇంకా పనికొస్తుంది. పాత వీసీడీ ప్లేయర్ ఉంటే అసలే పారేయకండి, దాన్ని కూడా ఆఫీసుకు తీసుకురండి.